ఐఈఎల్‌టీఎస్ రైటింగ్: మూడోసారీ ఆరే! ఎస్సేలో ఎక్కడ పోతోందో చెప్పండి

గోదారి_గట్టు:
నిన్న ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) రిజల్ట్ వచ్చిందండి, ఒక్కోటి తొమ్మిదికి. లిజనింగ్ 8, రీడింగ్ 7.5, స్పీకింగ్ 7, రైటింగ్ 6. మూడుసార్లు రాస్తే మూడుసార్లూ రైటింగ్ ఆరే. కెనడా పీఆర్‌కి (అక్కడ స్థిరపడే అనుమతికి) సీఎల్‌బీ 9, అంటే వాళ్ల భాషా స్థాయి లెక్కలో తొమ్మిది, రావాలంటే రైటింగ్‌లో 7 పడాలి. నాది జనరల్ ట్రైనింగ్ రకం పరీక్ష, రైటింగ్‌లో ఒక లెటర్, ఒక ఎస్సే రాయాలి. లెటర్ బాగానే వస్తోంది, ఎస్సే దగ్గరే తేలిపోతున్నా. కోచింగ్‌లో ఇచ్చిన టెంప్లేట్ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. దానివల్లేనంటారా?

వరంగల్_పోరడు:
నిద్రలో లేపినా అప్పజెప్తా అన్నవు చూడు తమ్మీ, రోగం ఆడనే ఉంది. నేను గూడ గట్లనే రాసిన. 'ఇన్ దిస్ మోడర్న్ ఎరా' అని షురూ చేసుడు, 'ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టూ సైడ్స్' అని ముగించుడు. తర్వాత లెక్క వేస్తే, 270 పదాలల్ల తొంభై దాకా ఏ ప్రశ్నకైనా అతికేటియే. బట్టీ వాక్యాలు ఎగ్జామినర్లకు ఇట్టే దొరుకుతయి. మార్కులు నాలుగు పద్దుల కింద వేస్తరు, నాలుగు సమానమే: అడిగినదానికి జవాబు చెప్పినవా, రాత ఒక వరుసల నడిచిందా, పదాలు, గ్రామర్. మనం మూడోదాన్నే పట్టుకొని వేలాడుతం. ఒక్క ఎస్సేల 'ప్లెథోరా' అనే బరువు మాట మూడుసార్లు వాడిన ఘనత నాది. వచ్చింది 5.5.

నైట్‌డ్యూటీ_అక్క:
నాది అకడమిక్ అనే ఇంకో రకం. యూకేలో నర్సుగా చెయ్యాలంటే కావాల్సిన ఎన్ఎంసీ (నర్సుల మండలి) రిజిస్ట్రేషన్‌కి రైటింగ్‌లో 6.5 చాలు, మిగతా మూడిట్లో 7 రావాలి. ఆ అరమార్కు కోసం ఏడాది తిరిగా. తెలుగు మీడియం తప్పు కాదు తమ్ముడూ, కానీ తెలుగు వాక్యం ఇంగ్లీషు చొక్కా తొడుక్కుని వచ్చేస్తుంది, అది పట్టుకోవాలి. 'ఐదేళ్ల నుంచి' అంటాం, '2019 నుంచి' అంటాం. మనకి రెండింటికీ 'నుంచి' ఒక్కటే. అందుకని 'సిన్స్ ఫైవ్ ఇయర్స్' అని రాసేస్తాం. అక్కడ ఉండాల్సింది 'ఫర్'. 'దాని గురించి చర్చించాం' అని మనసులో అనుకుంటాం కాబట్టి 'డిస్కస్ అబౌట్' వచ్చేస్తుంది, అక్కడ 'అబౌట్' అక్కర్లేదు. 'ఏ', 'ది' సంగతి సరేసరి. 'హాస్పిటల్‌కి వెళ్లా' అంటే మనకి చాలు, ఇంగ్లీషులో ఏ హాస్పిటలో వినేవాడికి తెలుసా లేదా అన్నది కూడా తేల్చాలి.

నేను చేసిందల్లా ఒక లాంగ్‌బుక్ పెట్టి, దిద్దించిన ప్రతి ఎస్సేలోంచి నా తప్పులు అందులోకి ఎక్కించడం. నెల తిరిగేసరికి తెలిసిందేంటంటే, నేను వంద రకాల తప్పులు చెయ్యట్లేదు, ఆరేడు తప్పులే వందసార్లు చేస్తున్నా.

డల్లాస్_డాడీ:
అసలు తెలుగులో ఆలోచించడం మానెయ్ బ్రదర్. అంతా ఇంగ్లీష్‌లోనే అనుకోవాలి.

నైట్‌డ్యూటీ_అక్క:
చెప్పినంత తేలిక కాదండీ. నలభై నిమిషాల్లో ఇంగ్లీషులో ఆలోచిస్తే నాకు చిన్నపిల్లల ఆలోచనలే వచ్చేవి. మొదటి అయిదు నిమిషాలు చిత్తుకాగితం మీద తెలుగులోనే వాదన తేల్చుకునేదాన్ని. వాక్యం మాత్రం నేరుగా ఇంగ్లీషులో కట్టాలి, అక్కడ మీతో ఒప్పుకుంటా.

గోదారి_గట్టు:
టైమ్ కూడా చాలట్లేదండి. రీవాల్యుయేషన్ పెడితే ఏమైనా లాభం ఉంటుందా?

వరంగల్_పోరడు:
పెట్టొచ్చు. బ్యాండ్, అంటే స్కోరు, మారితే ఫీజు వాపస్ ఇస్తరు. కానీ మూడుసార్లు ఆరే వచ్చినప్పుడు అది దిద్దినోళ్ల పొరపాటు కాదు. టైమ్ అంటవా, గంటల రెండు టాస్కులు, రెండోదైన ఎస్సేకు మొదటిదానికంటె డబల్ వెయిట్. నేను ఎస్సేనే ముందుగాల రాసిన, లెటర్ ఇరవై నిమిషాలల్ల లాగించిన. కంప్యూటర్ మీద రాస్తే పదాల లెక్క అదే చూపిస్తది, స్పెల్లింగ్ మాత్రం దిద్దదు. సరే గని, నువ్వు రాసిన ఒక పేరా పెట్టు, చూద్దాం.

గోదారి_గట్టు:
ప్రాక్టీస్ ప్రశ్న ఇది: 'నగరాల్లో ప్రజా రవాణా అందరికీ ఉచితంగా ఇవ్వాలి. ఎంతవరకు ఒప్పుకుంటారు?' నేను పూర్తిగా ఒప్పుకుంటానని రాశా. మొదటి పేరా తెలుగులో చెప్పాలంటే: పొల్యూషన్ తగ్గుతుంది, ట్రాఫిక్ తగ్గుతుంది, పేదలకి డబ్బు మిగులుతుంది, రోడ్డు ప్రమాదాలు తగ్గుతాయి, దేశం అభివృద్ధి చెందుతుంది.

వరంగల్_పోరడు:
అయిదు వాక్యాలల్ల అయిదు పాయింట్లు. ఒక్కదానికన్న 'ఎట్ల?' అంటే జవాబు ఉందా? ఒకటి ఉంచి నాలుగు కొట్టెయ్. నీ అనుభవంల నుంచి ఉదాహరణ ఇయ్యమని ప్రశ్న కిందనే రాసి ఉంటది, ఎవరూ వాడుకోరు. తెలంగాణల 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ చేసిన్రు గద. మా ఊరి నుంచి ఒకామె అంతకుముందు కిరాయి గిట్టదని ఊళ్లెనే తక్కువ కూలికి మిషన్ కుట్టేది. ఇప్పుడు హన్మకొండల షాపుకు పోతది. గీ ఒక్క ముచ్చటతోని పేరా నిండుతది.

నైట్‌డ్యూటీ_అక్క:
ఉదాహరణ బాగుంది, కానీ ఒక్క మెలిక. ప్రశ్నలో 'అందరికీ' అని ఉంది. మీ ఉదాహరణ ఆడవాళ్లకి మాత్రమే ఇచ్చిన ఉచితం. 'పూర్తిగా ఒప్పుకుంటా' అని పైన రాసి కింద ఇది పెడితే వాదన అతకదు. నాకు రెండుసార్లు 6 తెచ్చిపెట్టింది ఇలాంటిదే, ప్రశ్నలో ఒక్క మాట వదిలేసి పక్క ప్రశ్నకి జవాబు రాయడం.

వరంగల్_పోరడు:
అక్క పట్టింది చూడు! నేను గమనించనే లేదు.

గోదారి_గట్టు:
అయితే నా అభిప్రాయమే మార్చుకోవాలన్నమాట. టికెట్ డబ్బుల వల్ల పని ఆగిపోయేవాళ్లకి ఫ్రీ ఇవ్వాలి, కారున్నవాడికి అక్కర్లేదు, కొంతవరకే ఒప్పుకుంటాను అని రాస్తే?

నైట్‌డ్యూటీ_అక్క:
రాయి. అప్పుడు కుట్టుపని ఆమె మొదటి పేరాకి, కారున్నవాడు రెండో పేరాకి సరిపోతారు. ఇక టెంప్లేట్‌తో పనేముంది?

గోదారి_గట్టు:
రాత్రి టైమర్ పెట్టుకుని మొత్తం మళ్లీ రాశానండి. ముందు ప్రశ్నలో 'అందరికీ' చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టా. 38 నిమిషాలు, 261 పదాలు, ప్లెథోరా లేదు. అక్కా, మీకు మెసేజ్‌లో పంపా, వీలున్నప్పుడు చూడండి.

నైట్‌డ్యూటీ_అక్క:
చూశా. వాదన నిలబడింది. మొదటి పేరా మూడో లైన్లో 'సిన్స్ టూ ఇయర్స్' ఉంది. లాంగ్‌బుక్ కొనుక్కో తమ్ముడూ.