మొగలో మునిగిన బోటు: కాకినాడ వాళ్ళని పిలవాలా, మనమే లాగాలా?

సోనాపూర్ కుర్రోడు: బాహుదా నది మొగలో, అదే సముద్రంలో కలిసే చోట, మునిగిన ఆ బోటు సంగతి ఎవరైనా తేల్చండి. పాటులో, నీళ్ళు తీసినప్పుడు, కేబిన్ నెత్తి ఒక్కటే కనిపిస్తంది. నిన్న మా వల దాని ఇంజను ఫ్యానుకి (ప్రొపెల్లరు) తగిలి పరపరా చిరిగిపోయింది. ఓనరేమో కాకినాడ టీమ్‌ని పిలుస్తాను, ఖర్చు ఊరంతా పంచుకోండి అంటున్నాడు. ట్రాక్టరుకి తాడు కడితే గంట పని.

రేవు మావ: గంటలో ముక్కలొస్తాయి, బోటు రాదు. కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగింది 2019 సెప్టెంబర్ 15న, ఆ కాకినాడ ధర్మాడి సత్యం గారి టీమ్ బయటికి తీసింది అక్టోబర్ 22న. వాళ్ళకీ ముందు రెయిలింగే ఊడొచ్చింది.

సోనాపూర్ కుర్రోడు: దానికి 22 లక్షల పైన కాంట్రాక్టు ఇచ్చారు. మనం కట్టాలా?

బరంపురం బాబు: అది 200 అడుగుల లోతు గురూ, ఇది గుండె లోతు.

రేవు మావ: తక్కువ లోతే కష్టం. లోపలంతా ఇసక మేటేసింది, కింద బురద పట్టేసింది. ముందు డీజిల్ తోడాలి, నీళ్ళ జెట్‌తో ఇసక ఊదాలి, అడుగు కింద నుంచి బెల్టులు దూర్చాలి, పాటులో రెండు పక్కలా ఖాళీ డ్రమ్ములు బిగించి పోటు కోసం చూడాలి. 200 లీటర్ల డ్రమ్ము మహా అయితే 180 కిలోలు ఎత్తుద్ది, లెక్కేసుకో. 2024లో ప్రకాశం బ్యారేజీ దగ్గర క్రేన్లే ఓడిపోయాయి, చివరికి రెండు పడవలకి గడ్డర్లు కట్టి లాగారు.

సోనాపూర్ కుర్రోడు: డ్రమ్ములు మనకీ ఉన్నాయి కదా, మరి కాకినాడ ఎందుకు?

రేవు మావ: బిగిసిన తాడు తెగితే ఒడ్డున నిలబడ్డోడి కాలు పోద్ది, అందుకు.

తెప్ప వెంకన్న: దసరా దాకా తేలదిది, బోటూ తేలదు, మీరూ తేల్చరు 😀

సోనాపూర్ కుర్రోడు: ఓనరు నీ బామ్మర్ది కదా మావా, అందుకే ఇన్ని లెక్కలు.

రేవు మావ: ఒరే, బామ్మర్ది ఊసెందుకు ఇక్కడ?

సోనాపూర్ కుర్రోడు: ఎందుకంటే 2013లో ఫైలిన్ తుపాను పోయాక మా నాన్న తెప్ప ఇసకలో కూరుకుపోతే ఒక్కడు వచ్చాడా? ఆరు రోజులు ఒక్కడే పారతో తవ్వుకున్నాడు, నేను బకెట్‌తో నీళ్ళు తోడాను, తీరా బయటికొచ్చేసరికి ముక్కు విరిగిపోయింది. ఎవడి తెప్ప వాడే చూసుకోవాలన్నది నువ్వే. ఇప్పుడు ఇది ఊరి బోటు అయిపోయిందా?

బరంపురం బాబు: ఓహో, గొడవ తాడు దగ్గర లేదన్నమాట.

రేవు మావ: అప్పుడు మా ఇంటి మీద రేకు లేదురా. అన్నాను, లేదనను.

సోనాపూర్ కుర్రోడు: అయితే ఇన్సూరెన్స్ డబ్బులొస్తే ముందు ఊరి చందా తిరిగిస్తానని కాయితం రాయమను. రాస్తే తాడు నేనే పడతాను.

రేవు మావ: అడుగుతాను. ఈలోగా అక్కడ కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టండి, రాత్రికి లాంతరు పెట్టండి, వేటకెళ్ళిన తెప్పలు తిరిగొస్తాయి.

సోనాపూర్ కుర్రోడు: కర్ర పొద్దున్నే పాతేశాం. లాంతరు నీ బామ్మర్దిని తెమ్మను.