90ల రాక్, మెటల్‌లో మరుగున పడ్డ పాటలు: 35 నిమిషాల సెట్‌కి ఏవి పనికొస్తాయి?

అరండల్‌పేట స్ట్రాట్ (గుంటూరు)

విజయవాడలో ఒక కాలేజీ ఫెస్ట్‌లో మా బ్యాండ్‌కి 35 నిమిషాలు ఇచ్చారు. రెండు గిటార్లు, నాలుగు స్ట్రింగుల బేస్, డ్రమ్స్, ఒక గాయకుడు. 'ఎంటర్ శాండ్‌మన్', 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' ప్రతి ఫెస్ట్‌లోనూ అరిగిపోయాయి, అవి వద్దు. ఆ కాలానివే, మనవైపు ఎవరూ పట్టించుకోని ఆల్టర్నేటివ్, మెటల్ పాటలు చెప్పండి.

పరిమితులు ఇవీ. ఒక గిటార్ 25.5 ఇంచీల స్కేల్ (స్ట్రింగ్ మోగే పొడవు), ఫ్లోటింగ్ ట్రెమలో (స్ప్రింగుల మీద కదిలే బ్రిడ్జి). రెండోది 24.75, ఫిక్స్‌డ్ బ్రిడ్జి. రెండింటికీ .010–.046 (ఇంచీల్లో లావు) స్ట్రింగులే ఉన్నాయి. స్పేర్ గిటార్ లేదు కాబట్టి స్టేజీ మీద ట్యూనింగ్ మార్చడం కుదరదు. గాయకుడిది బారిటోన్ (కింది స్థాయి మగ గొంతు), గట్టిగా పైకి అరిపిస్తే సగం సెట్‌కే గొంతు చేతులెత్తేస్తుంది.

మిశ్రచాపు (విజయవాడ)

పాటల సంగతి తర్వాత, ముందు ట్యూనింగ్ ఖాయం చేసుకోండి. మీ పరిస్థితికి డ్రాప్ డి. ఆరో స్ట్రింగ్ ఒక్కటే ఈ నుంచి డికి దించితే ఆ కాలపు సరుకు సగం చేతికొస్తుంది. సౌండ్‌గార్డెన్ గిటారిస్ట్ కిమ్ థాయిల్‌కి ఈ కిటుకు చెప్పింది మెల్విన్స్ బజ్ ఆస్బోర్న్. మొదలుపెట్టడానికీ ఆ మెల్విన్సే మంచిది: 1993 ఆల్బమ్ 'హుడీని'లో 'నైట్ గోట్'. బేస్ డిస్టార్షన్‌తో ఒంటరిగా మొదలవుతుంది, గిటార్లు తర్వాత మీద పడతాయి. సౌండ్ మనిషి లెవెల్స్ సరిచూసుకోవడానికి ఆ కాసేపు చాలు.

రెండోది హెల్మెట్. 'అన్‌సంగ్' కొంతమంది విన్నారు, 1994 'బెట్టీ'లోని 'మిల్క్‌టోస్ట్' జోలికి ఎవరూ పోరు. ఇక్కడ కష్టం నోట్లలో లేదు, ఆగడంలో ఉంది. రిఫ్ తెగిన చోట రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్ నాలుగూ ఒకేసారి నోరు మూసుకోవాలి. కుడిచేతి మడమతో బ్రిడ్జి దగ్గర నొక్కితే సరిపోదు, ఎడమచేతి వేళ్లు కూడా స్ట్రింగుల మీద పడుకోవాలి. లేకపోతే వదులైన ఆరో స్ట్రింగ్ మూలుగుతూనే ఉంటుంది. నాయిస్ గేట్ (వాయించనప్పుడు సౌండ్‌ని ఆపేసే పెడల్) ఉందని గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పెంచేయకండి. హమ్ ఎక్కువైతే థ్రెషోల్డ్ పైకి జరపాలి, అప్పుడు గేట్ నోట్ల తోకలు కూడా కోసేస్తుంది. ఇంట్లో బాగుందనిపించిన గెయిన్‌లో మూడోవంతు తగ్గించుకుని రండి. ఈ బ్యాండ్ సౌండ్‌కి స్నేర్ బిగువుగా, ఖణేల్మనాలి. మెత్తటి స్నేర్‌తో ఈ పాట చప్పబడిపోతుంది.

మూడోది సౌండ్‌గార్డెన్ 'అవుట్‌షైండ్' (1991, 'బ్యాడ్‌మోటర్‌ఫింగర్'). డ్రాప్ డి. చరణం ఏడు బీట్లు, కోరస్ నాలుగు. డ్రమ్మర్‌కి తకిట తకధిమి వస్తే లెక్కపెట్టుకునే పనే లేదు. కింగ్స్ ఎక్స్ మొదటి రెండు ఆల్బమ్‌లు (1988, 1989) కూడా వెతకండి. గ్రంజ్ అనే మాట జనం నోళ్లలో నానకముందే ఆ బరువు పట్టినవాళ్లు.

స్ట్రింగులు .010–.052 సెట్ కొనండి. .046ని డికి దించితే బిగువు ఐదోవంతు పోతుంది. గట్టిగా కొట్టినప్పుడల్లా శ్రుతి పైకి లేచి కిందికి దిగుతుంది, రెండు గిటార్లూ కలిసి కొడితే అది అపశ్రుతిగా వినిపిస్తుంది. .052 వేస్తే మామూలు బిగువు తిరిగొస్తుంది.

బ్రాడీపేట బారిటోన్ (గుంటూరు)

మిశ్రచాపు గారూ, గిటార్ల వరకూ బాగానే చెప్పారు. గాయకుడిదేమిటి? సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ పాట బారిటోన్ చేతికి ఇస్తే కోరస్‌లో దొరికిపోతాడు. 'అవుట్‌షైండ్' తీసేయండి.

దాని బదులు స్క్రీమింగ్ ట్రీస్. 1992 'స్వీట్ ఒబ్లివియన్' అంటే అందరూ 'నియర్లీ లాస్ట్ యు' దగ్గరే ఆగుతారు, ఆల్బమ్ తొలి పాట 'షాడో ఆఫ్ ద సీజన్' వినండి. వాళ్ల గాయకుడు మార్క్ లానెగన్‌ది కింది స్థాయి గొంతు, అరుపు మీద ఆధారపడదు. అయితే ఆ గొంతులోని గరుకుని అనుకరించకండి. గొంతు బిగబట్టి తెచ్చిన గరుకు రిహార్సల్ దాటి రాదు. తిన్నగా పాడి, మైకుకి రెండు మూడు ఇంచీల దూరంలో ఉంటే ఆ బరువు అదే వస్తుంది.

ఇంకో మాట. సెట్ మొత్తం ఇంకో అర స్వరం దించండి. ఆరో స్ట్రింగ్ సి షార్ప్, మిగతావి కూడా ఒక్కో మెట్టు కిందికి. గాయకుడికి ఊపిరాడుతుంది, పైగా ఆలిస్ ఇన్ చెయిన్స్ 'డర్ట్' (1992)లోని 'దెమ్ బోన్స్' అసలు ట్యూనింగ్‌లోనే దొరుకుతుంది. అదీ ఏడు లెక్కే, మీ డ్రమ్మర్ సరదా తీరుతుంది. అందులో లేన్ స్టేలీ, జెర్రీ కాంట్రెల్ గొంతులు జంటగా నడుస్తాయి కాబట్టి గిటారిస్టుల్లో ఒకరు రెండో గొంతు నేర్చుకోవాలి. ఒక్క గొంతుతో పాడితే పాట బోసిపోతుంది.

మిశ్రచాపు (విజయవాడ)

అర స్వరం దించడం నాకూ సమ్మతమే, 'అవుట్‌షైండ్' మీద మాత్రం రాజీ లేదు! సరే, దాన్ని గాయకుడికే వదిలేద్దాం. దించేటట్టయితే .052 కాదు, .011–.054 సెట్ కావాలి. ఇందులో ఒక లాభం ఉంది. ఆ సెట్ అర స్వరం కింద ఇచ్చే బిగువు, మీ పాత .010–.046 మామూలు శ్రుతిలో ఇచ్చిన బిగువుకి దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఫ్లోటింగ్ ట్రెమలో స్ప్రింగులు పెద్దగా కదిలించక్కర్లేదు, వెనకాల స్క్రూలు కాస్త తిప్పి బ్రిడ్జిని మళ్లీ సమంగా నిలబెడితే చాలు. నట్ (మెడ చివర స్ట్రింగులు ఆనే పట్టీ) గాడిలో లావు స్ట్రింగ్ ఇరుక్కుంటుందేమో చూడండి. ట్యూనర్ తిప్పుతుంటే 'టిక్' అని శబ్దమొచ్చి శ్రుతి ఒక్కసారిగా గెంతితే ఇరుక్కున్నట్టే. పెన్సిల్ గ్రాఫైట్ రుద్దండి, అయినా వినకపోతే గాడి వెడల్పు చేయించండి. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర ఇంటోనేషన్ (పై ఫ్రెట్లలోనూ శ్రుతి తప్పకుండా ఉండటం) సరిచేసుకోండి. బేస్‌కి కింది స్ట్రింగ్ .110 వేయండి, .105 సి షార్ప్ దగ్గర డొల్లుతుంది.

అరండల్‌పేట స్ట్రాట్ (గుంటూరు)

చాలా థాంక్స్. సౌండ్‌గార్డెన్ 'రస్టీ కేజ్', కైయస్ 'గార్డీనియా' మా వాళ్లకి పిచ్చి ఇష్టం. ఎలాగోలా ఇరికించలేమా?

కృష్ణలంక ఫజ్ (విజయవాడ)

వద్దు బ్రదర్. 'రస్టీ కేజ్'లో ఆరో స్ట్రింగ్ బి దాకా దిగుతుంది, మిగతా ఐదూ మామూలే. .046తో అది రబ్బరు బ్యాండే, .060 పైన ఉంటేగానీ నిలబడదు. అంత లావు వేసి మళ్లీ పై శ్రుతికి బిగిస్తే గిటార్ మెడ మీద భారం. మొదటి రిఫ్‌లో ఆ ముక్కు గొంతు సౌండ్ ఉంది చూడండి, అది వా పెడల్‌ని ఊపకుండా మడమ వైపు ఒకేచోట ఆపితే వచ్చేది. ఇంట్లో సాధన చేసి ఆనందించండి, స్టేజీకి స్పేర్ గిటార్ వచ్చాక చూద్దాం.

కైయస్‌ది ఇంకా దూరం. ఆరు స్ట్రింగులూ రెండు స్వరాలు దించిన సి ట్యూనింగ్, పైగా జాష్ హోమీ గిటార్‌ని బేస్ ఆంప్‌లో పెట్టి వాయించేవాడు. 'గార్డీనియా' దాదాపు 7 నిమిషాలు, మీ టైములో ఐదోవంతు అదే మింగేస్తుంది. కానీ ఆ ఆల్బమ్ (1994, 'వెల్‌కమ్ టు స్కై వ్యాలీ') వినేటప్పుడు పాటలు ఏరుకోకండి. మొదట్లో సిడి మీద పాటల్ని మూడు పొడుగాటి భాగాలుగా కలిపేశారు, ఆ వరుసలోనే వినాలి. షఫుల్‌లో పెట్టారో, అర్థం లేదు.

నేర్చుకోవడానికి చిన్న ఉపాయం. ఈ రికార్డింగుల్లో చాలావాటిలో ఒక గిటార్ ఎడమకి, ఒకటి కుడికి ఉంటుంది. ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగులకి వెళ్లి ఆడియో బ్యాలెన్స్ పూర్తిగా ఒక వైపుకి లాగితే ఎవరి భాగం వాళ్లకి విడిగా వినపడుతుంది. ట్యాబ్‌ల కంటే నమ్మకం.

వైరింగ్ మావయ్య (విజయవాడ)

పాటలు మీరు చూసుకోండి, నేను సౌండ్ గురించి చెప్తా. మనవైపు అద్దెకొచ్చే సిస్టమ్‌లు ఎక్కువగా ఆర్కెస్ట్రాలకీ పెళ్లిళ్లకీ తిరుగుతాయి, గిటార్‌కి వేరే ఆంప్ ఉంటుందనుకోకండి. డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా మిక్సర్‌లో గుచ్చితే కందిరీగల తుట్టె కదిలినట్టుంటుంది, ఎందుకంటే గిటార్ స్పీకర్ పైనున్న కీచుని మింగేస్తుంది, పిఎ స్పీకర్ మింగదు. చివర్లో క్యాబ్ సిమ్యులేటర్ (గిటార్ స్పీకర్ సౌండ్‌ని అనుకరించేది) పెట్టుకోండి. అదీ లేకపోతే గిటార్ ఛానెల్లో 5 కిలోహెర్ట్జ్ పైన కోసేయమనండి. కింద 90 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకంటే కిందున్నది కోసేది) పెట్టించండి. మీ ఆరో స్ట్రింగ్ మూల స్వరం 70 హెర్ట్జ్ దాకా దిగుతుంది, అక్కడ బేస్, కిక్ ఉన్నాయి. ముగ్గురూ ఒకేచోట కూర్చుంటే బురదే.

గిటార్ పెడళ్లు, మిక్సర్ ఒకే లైన్ నుంచి కరెంటు తీసుకునేలా అడగండి. వేర్వేరు చోట్ల నుంచి తీసుకుంటే గ్రౌండ్ లూప్ హమ్ వస్తుంది. హమ్ పోవాలని ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేవాళ్లుంటారు, ఒప్పుకోకండి. చేతిలో స్ట్రింగులు, పెదాలకి మైకు, ఆ మధ్యలో షాక్ కొడితే ప్రాణం మీదకొస్తుంది. హమ్‌కి వేరే మందుంది, డిఐ బాక్సు (గిటార్‌ని మిక్సర్‌కి కలిపే డబ్బా) మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్.

ఆరుబయట స్టేజీ అయితే ఎక్కడానికి అరగంట ముందే గిటార్లు ఏసీ గదిలోంచి బయటికి తెచ్చి పెట్టండి. వేడికి స్ట్రింగులు సాగి శ్రుతి దిగుతుంది, లైట్ల కింద ఇంకా. మొదటి పాటయ్యాక ఒకసారి ట్యూనర్ చూసుకోండి. ఆ లోపు గాయకుణ్ణి రెండు ముక్కలు మాట్లాడమనండి.

అరండల్‌పేట స్ట్రాట్ (గుంటూరు)

ప్రస్తుతానికి 'నైట్ గోట్', 'మిల్క్‌టోస్ట్', 'షాడో ఆఫ్ ద సీజన్', 'దెమ్ బోన్స్', అన్నీ అర స్వరం కింద. ఇంకో రెండు పట్టే జాగా ఉంది.

బ్రాడీపేట బారిటోన్ (గుంటూరు)

'దెమ్ బోన్స్' నాలుగోది కాదు, రెండోది చేయండి. జంట గొంతులు అలసిపోకముందే పడాలి. మిగిలిన జాగాలో ఒకటి మన దేశానిది పెట్టండి: కొచ్చి బ్యాండ్ మదర్‌జేన్, 2008 ఆల్బమ్ 'మక్తూబ్' నుంచి. బైజు ధర్మజన్ గిటార్‌లో కర్ణాటక గమకాలు పలికిస్తాడు. ఫ్రెట్ మార్చి వాయిస్తే అవి పలకవు, ఒకే స్ట్రింగ్ మీద వేలు జార్చాలి. ఆ ఫిక్స్‌డ్ బ్రిడ్జి గిటార్‌కి అప్పజెప్పండి.