150 మి.మీ. రిఫ్రాక్టర్ (లెన్స్ టెలిస్కోప్) కొనేముందు: మౌంట్, ఫోకస్, ఉప్పుగాలి

తూర్పుతీరం:

అందరికీ నమస్కారం. ఆకాశం ఫొటోలకు ప్రస్తుతం వాడుతున్నవి 80 మి.మీ. ఎఫ్/6 ట్రిప్లెట్ (మూడు గాజుల లెన్స్ ఉన్న టెలిస్కోప్), దాన్ని మోస్తూ చుక్కల వెంట తిప్పే ఈక్యూ6-ఆర్ మౌంట్, ఐఎంఎక్స్571 సెన్సర్ ఉన్న కలర్ కెమెరా, మౌంట్ దారి తప్పకుండా చూసే 200 మి.మీ. గైడ్ స్కోప్. ఉండేది విశాఖలో, నాలుగో అంతస్తు పైన డాబా. సముద్రం రెండు కిలోమీటర్ల లోపే. చలికాలంలో అరకు వైపు కూడా తీసుకెళ్ళాలని ఉంది.

చిన్న గెలాక్సీలు, గ్లోబ్యులర్ క్లస్టర్లు (బంతిలా ఉండే చుక్కల గుంపులు) తియ్యడానికి 150 మి.మీ. ఎఫ్/7 ట్రిప్లెట్ చూస్తున్నాను. ఫోకల్ లెంగ్త్ 1050 మి.మీ. రింగులు, డవ్‌టెయిల్‌తో (మౌంట్‌కి బిగించే పట్టీ) కలిపి 15 కిలోల దాకా ఉంటుంది. మౌంట్ సామర్థ్యం 20 కిలోలు అని రాసి ఉంది కాబట్టి సరిపోవాలి కదా? 80 నుంచి 150కి వెళ్తే ఫొటోలో నిజంగా ఎంత తేడా వస్తుంది? ఈ ఉప్పుగాలిలో అంత పెద్ద లెన్స్‌ను కాపాడుకోవడం ఎలా? వివరంగా చెప్పగలరు.

మృగశిర:

తూర్పుతీరం గారూ, ముందు స్కేలు లెక్క చూడండి. పిక్సెల్ సైజును 206.265తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కి ఎన్ని ఆర్క్ సెకన్లో వస్తుంది. మీ సెన్సర్ పిక్సెల్ 3.76 మైక్రాన్లు. 80 మి.మీ. ట్యూబులో అది 1.62 ఆర్క్ సెకన్లు, 1050లో 0.74. ఫ్రేము 2.8 × 1.9 డిగ్రీల నుంచి 1.28 × 0.86 డిగ్రీలకు తగ్గిపోతుంది. అంటే సుమారు 77 × 51 ఆర్క్ నిమిషాలు. రోజెట్ నెబ్యులా పట్టదు, ఓరియన్ నెబ్యులా అంచులు తెగుతాయి, ఆండ్రోమెడా సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని 80ని అమ్మకండి.

వెలుతురు విషయంలో చాలామంది పొరబడతారు. లెన్స్ పెద్దది కాబట్టి ఎక్స్‌పోజర్ తగ్గుతుందనుకుంటారు. నెబ్యులా లాంటి పరుచుకున్న వస్తువుకి ఒక పిక్సెల్ మీద పడే వెలుతురు ఎఫ్ నంబరును (ఫోకల్ లెంగ్త్‌ను లెన్స్ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) బట్టి ఉంటుంది. ఎఫ్/6 నుంచి ఎఫ్/7కి వెళ్తున్నారు కాబట్టి అది 27 శాతం తగ్గుతుంది. అయితే ఫొటోను 2×2 బిన్ చేస్తే (నాలుగు పిక్సెళ్ళను ఒకటిగా కలిపితే) స్కేలు 1.48కి వస్తుంది, ఇప్పుడు మీరు తీస్తున్నదానికి దగ్గర. అప్పుడు ఒక్కో పిక్సెల్‌కి దాదాపు మూడు రెట్లు వెలుతురు అందుతుంది. 150 లాభం అక్కడ కనిపిస్తుంది. గాలి నిలకడగా ఉన్న రాత్రి బిన్ చెయ్యకుండా, అలజడిగా ఉన్న రాత్రి చేసి వాడుకోండి.

మౌంట్ సరిపోదండి. 15 కిలోల ట్యూబు, దాని మీద ఫ్లాటెనర్ (ఫొటో మూలల్లోనూ చుక్కలను సరిచేసే లెన్స్), కెమెరా, ఫోకస్ మోటారు, ఆఫ్ యాక్సిస్ గైడర్ (అసలు లెన్స్ గుండానే గైడ్ చుక్కను చూసేది), కేబుళ్ళు కలిపితే 17 కిలోలు. కంపెనీ రాసే 20 కిలోలు కళ్ళతో చూడటానికి పనికొస్తాయి. ఫొటోలకు అందులో 60 శాతం మించకపోవడం మంచిది. పైగా బరువొక్కటే కాదు, పొడవు కూడా ఉంది. డ్యూ షీల్డ్ (లెన్స్ ముందు మంచును ఆపే గొట్టం) లాగితే మీటరు పైచిలుకు ట్యూబు గాలికి తెరచాపలా నిలబడుతుంది. కొసన చిన్న తోపు పడినా ఇరుసు దగ్గర పెద్దదవుతుంది.

ఇది ఫొటోలో ఎలా కనిపిస్తుందంటే: గాలి అలజడి వల్ల చుక్క వెడల్పు 2.5 ఆర్క్ సెకన్లు ఉన్న రాత్రి గైడింగ్ తప్పు (మౌంట్ చుక్కను వెంబడించడంలో సగటు తేడా) 0.5 ఆర్క్ సెకన్ల ఆర్‌ఎంఎస్ అయితే ఫొటోలో చుక్క 2.8 దగ్గర ఉంటుంది. 0.7 అయితే 3.0, 1.0 అయితే 3.4. ఒకటి దాటితే మీరు 150కి పెట్టిన డబ్బు మౌంట్ తినేసినట్టే. ఈక్యూ8 తరగతి మౌంట్, 50 కిలోలు మోసేది, ఈ ట్యూబుకి సరైన జోడీ. మౌంట్‌కీ ట్యూబుకీ కలిపి డబ్బు లేకపోతే ముందు మౌంట్ కొనండి, 80ని దాని మీద పెట్టి వాడుతూ ఉండండి.

ఇంకోటి, మన అక్షాంశాల్లో మాత్రమే వచ్చే ఇబ్బంది. విశాఖ 17.7 డిగ్రీల దగ్గర ఉంది. పోలార్ ఇరుసు (మౌంట్‌లో ధ్రువం వైపు చూపే ఇరుసు) దాదాపు అడ్డంగా పడుకుంటుంది. కౌంటర్‌వెయిట్ కడ్డీ కిందికి, కొద్దిగా ఉత్తరానికి దిగి, ట్రైపాడ్ కాలు ఉత్తరం వైపు ఉంటే దానికి తగులుతుంది. ఒక కాలు దక్షిణానికి ఉండేలా తిప్పి, ఉత్తరం వైపు రెండు కాళ్ళ మధ్య ఖాళీ వదలండి. అలా నిలిపాక మౌంట్ తల ఏ వైపు వాలుతోందో చూసుకుని, కాళ్ళు పూర్తిగా పరిచి గట్టిగా బిగించండి. 20 సెంటీమీటర్ల పియర్ ఎక్స్‌టెన్షన్ (ట్రైపాడ్‌కీ మౌంట్‌కీ మధ్య పెట్టే స్తంభం) తప్పనిసరి. లేకపోతే నడినెత్తి దాటే వస్తువుల దగ్గర కెమెరా కాలికి గుద్దుకుంటుంది. మొదటిసారి పగటిపూట చేత్తో తిప్పి ఎక్కడెక్కడ తగులుతుందో చూసి, ఆ కోణాలను సాఫ్ట్‌వేర్ లిమిట్లుగా పెట్టుకోండి.

డాబా మీద ట్రైపాడ్ ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. స్లాబు మధ్యలో వద్దు, అడుగు వేస్తే అదురుతుంది. పిల్లర్ నెత్తిన, కుదరకపోతే బీము మీద పెట్టండి. పగలంతా ఎండ తాగిన స్లాబు చాలా రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. సాయంత్రం ఐదింటికే నీళ్ళు చల్లి ఆరనిస్తే కొంత నయం. ధ్రువనక్షత్రం పక్క బిల్డింగు వెనక దాగితే నినా సాఫ్ట్‌వేర్‌లో, ఇరుసును ధ్రువానికి సరిచేసే త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ వాడండి, దానికి ఆ చుక్క కనిపించనక్కర్లేదు.

అరుంధతి:

మౌంట్ గురించి మృగశిర గారితో ఏకీభవిస్తాను. ఫోకస్, వెనక భాగం గురించి నేను చెబుతాను. పెద్ద రిఫ్రాక్టర్‌తో ఎక్కువ రాత్రులు పాడయ్యేది అక్కడే.

ఎఫ్/7 దగ్గర ఫోకస్ సరిగ్గా ఉందనిపించే మేర సుమారు 130 మైక్రాన్లు. అంటే మధ్య నుంచి ఇటు 65, అటు 65. అల్యూమినియం ట్యూబు ఒక్కో డిగ్రీకి, ఒక్కో మీటరుకి 23 మైక్రాన్లు ముడుచుకుంటుంది. మీ ట్యూబుకి డిగ్రీకి 24 వేసుకోండి. మూడు డిగ్రీలు పడితే ఫోకస్ జారిపోయింది. అరకులో సాయంత్రం 22 ఉన్నది తెల్లారేసరికి 8కి దిగితే 0.34 మి.మీ. తేడా. లెన్స్ గాజు వల్ల వచ్చే మార్పు దీనికి అదనం. అందుకే మోటారు ఫోకసర్ తప్పనిసరి. 1.5 డిగ్రీలు మారినప్పుడల్లా, లేదా గంటకోసారి ఆటోఫోకస్ నడవాలి. ట్రిప్లెట్ అయినా ఫిల్టర్ మార్చితే ఫోకస్ కొద్దిగా కదులుతుంది. డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్‌కి వెళ్ళినప్పుడు మళ్ళీ చేయించండి.

ఆటోఫోకస్ గ్రాఫు అడుగున ఇంగ్లిషు వి అక్షరంలా కాకుండా ఒక పక్క చదునుగా వస్తే బ్యాక్‌లాష్ (పళ్ళ చక్రాల మధ్య వదులు) అని అర్థం. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి, బరువుకి ఎదురుగా డ్రా ట్యూబును నెట్టేలా పెట్టుకోండి. వెనక వేలాడే సరంజామా రెండు కిలోలు ఉంటుంది కాబట్టి ఫోకసర్ 3 అంగుళాలకు తగ్గని ర్యాక్ అండ్ పినియన్ (పళ్ళ పట్టీ మీద పళ్ళ చక్రం తిరిగే రకం) అయి ఉండాలి. కొనేముందు డ్రా ట్యూబు పూర్తిగా బయటికి తీసి, కెమెరా చివర పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ కదిపి చూడండి. వెంట్రుకంత ఆడినా ఫొటోలో ఒక మూల చుక్కలు సాగుతాయి. అన్ని జాయింట్లూ మర తిప్పి బిగించేవే ఉండాలి, 2 అంగుళాల గొట్టం దూర్చి స్క్రూ బిగించే పద్ధతి ఈ బరువుకి నిలవదు.

ఫ్లాటెనర్ నుంచి సెన్సర్‌కి దూరం ఎక్కువ మోడళ్ళలో 55 మి.మీ. మధ్యలో ఫిల్టర్ ఉంటే దాని మందంలో మూడో వంతు కలపండి, 2 మి.మీ. ఫిల్టర్‌కి 55.7. తర్వాత ఒక పరీక్ష ఫొటో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. చుక్కలు మధ్య నుంచి బయటికి చిమ్మినట్టు సాగితే సాధారణంగా దూరం చాల్లేదని, మధ్య చుట్టూ గిరగిరా తిరిగినట్టు వంగితే ఎక్కువైందని. 0.3 లేదా 0.5 మి.మీ. పలచటి షిమ్ రింగులతో సర్దండి. ఒక్క మూలే చెడితే అది దూరం కాదు, టిల్ట్ (సెన్సర్ ఒక పక్కకి వాలి ఉండటం).

మీ కెమెరా ముందున్న గాజు ఉట్టి యాంటీ రిఫ్లెక్షన్ కిటికీ అయితే యూవీ ఐఆర్ కట్ ఫిల్టర్ పెట్టకుండా తియ్యకండి. ఎంత మంచి ట్రిప్లెట్ అయినా ఇన్‌ఫ్రారెడ్‌ను అదే బిందువుకి తేలేదు, ప్రతి చుక్క చుట్టూ బూరుగు దూదిలా ఉబ్బు వస్తుంది. ప్రకాశవంతమైన చుక్కల చుట్టూ నీలి వలయం మిగిలితే 420 నానోమీటర్ల దగ్గర కోసేసే రకం వాడండి.

గైడ్ స్కోప్ తీసెయ్యండి. ట్యూబు మీద బిగించిన చిన్న గొట్టం రాత్రంతా కొద్దికొద్దిగా వంగుతూనే ఉంటుంది. గైడింగ్ గ్రాఫు చక్కగా ఉంటుంది, ఫొటోలో మాత్రం చుక్కలు కోడిగుడ్లలా వస్తాయి. ఆఫ్ యాక్సిస్ గైడర్ అదే లెన్స్ గుండా చూస్తుంది కాబట్టి ఆ బాధ ఉండదు.

తూర్పుతీరం:

ఇద్దరికీ చాలా థాంక్సండి. మౌంట్ లెక్క చూశాక ట్యూబు కొనడం వెనక్కి జరుపుతాను. ఉప్పుగాలి, తేమ, ఫంగస్ గురించి కూడా ఎవరైనా చెబుతారా? ఎండాకాలంలో కెమెరా ఎంతకి చల్లబరచాలి?

నెల్లూరు రాత్రి:

మీ ఊళ్ళోనే డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో వేధశాల కట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు కాలంలో అక్కడ 6 అంగుళాల కుక్ కంపెనీ రిఫ్రాక్టర్ ఉండేది. 6 అంగుళాలంటే మీరు చూస్తున్న 150 మి.మీ.లే. ఆ సైజు లెన్స్‌కు ఆ ఊరు, ఆ గాలి కొత్త కాదు, జాగ్రత్త మాత్రం రోజూ కావాలి.

మంచు కురిసే రాత్రి లెన్స్ మీద తేమ పట్టేది గాజు చుట్టూ ఉన్న గాలి మంచు బిందువు (తేమ నీరయ్యే ఉష్ణోగ్రత) కన్నా చల్లబడినప్పుడు. డ్యూ షీల్డ్ పూర్తిగా లాగి, లెన్స్ సెల్ (గాజులను పట్టి ఉంచే చట్రం) చుట్టూ హీటర్ పట్టీ కట్టండి. పట్టీ షీల్డ్ మీద కట్టి లాభం లేదు, సెల్ ఉన్నచోటే ఉండాలి. గాజు బయటి గాలి కన్నా రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంటే చాలు. ఫుల్లుగా పెడితే ట్యూబులో వేడిగాలి తిరిగి చుక్కలు ఉబ్బుతాయి. సాయంత్రం మొదట్లోనే తక్కువలో ఆన్ చెయ్యండి, తేమ పట్టాక ఆరబెట్టడానికి చాలాసేపు పడుతుంది. హెయిర్ డ్రయ్యర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఎఫ్‌పీఎల్-53 లాంటి ఈడీ గాజు (రంగులు చెదరకుండా చూసే రకం) హఠాత్తు వేడికి పగిలే రకం. ఏసీ గదిలోంచి సరాసరి బయటికి తెచ్చినా చల్లటి గాజు మీద చెమట పడుతుంది. ఏసీ లేని గదిలో ఉంచి, చిత్రీకరణకు గంటన్నర ముందే బయట పెట్టండి.

తెల్లవారి లోపలికి తెచ్చేటప్పుడు చాలామంది చేసే తప్పు, తడిగా ఉండగానే మూత పెట్టడం. ట్యూబును లెన్స్ కొద్దిగా కిందికి ఉండేలా వాల్చి, పలచటి బట్ట కప్పి, ఫ్యాను గాలి తగిలేలా వదిలి, పూర్తిగా ఆరాక మూత పెట్టండి. ఆ తర్వాత ఫోకసర్‌లో కెమెరా బదులు సిలికా జెల్ నింపిన 2 అంగుళాల ప్లగ్ బిగించండి. ట్యూబు లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. చిన్న డిజిటల్ హైగ్రోమీటరు పెట్టెలో పడెయ్యండి. గింజల రంగు మారితే ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేయించి మళ్ళీ వాడుకోవచ్చు. జూన్ నుంచి అక్టోబరు దాకా ట్యూబు బయటికి రాదు, అప్పుడే ఫంగస్ పట్టేది. పదిహేను రోజులకోసారి తీసి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. సాలీడు దారాల్లా, కొమ్మలు కొమ్మలుగా పాకిన గీతలుంటే ఫంగస్. పైపొర మీద అయితే తుడవొచ్చు. గాజుల మధ్యకి చేరితే సెల్ మీరు విప్పకండి, మూడు గాజుల దూరాలు, తిప్పి పెట్టిన కోణాలు ఫ్యాక్టరీలో సరిచేసినవి. సర్వీసుకి పంపాల్సిందే.

దుమ్ముకి రబ్బరు బ్లోయరు చాలు. తుడవడం ఏడాదికి ఒకటి రెండుసార్లు మించొద్దు. ఉప్పు రేణువు మీద బట్ట రుద్దితే కోటింగు గీసుకుపోతుంది, ముందు ఊది, తర్వాత మెత్తటి బ్రష్, ఆ తర్వాతే లెన్స్ ద్రవంలో ముంచిన దూదిని బరువు పెట్టకుండా లాగండి. మామూలు ఇనుప బోల్టులు ఆ గాలికి తుప్పు పట్టి డవ్‌టెయిల్‌లోనే ఇరుక్కుంటాయి, స్టెయిన్‌లెస్‌వి మార్చి, మరల మీద పలచగా గ్రీజు పూయండి.

కెమెరా విషయం. ఈ సెన్సర్ కెమెరాలు బయటి ఉష్ణోగ్రత కన్నా సుమారు 35 డిగ్రీలు దించగలవు. ఏప్రిల్ రాత్రి 30 ఉంటే మైనస్ 10 అడగొద్దు, కూలర్ నూరు శాతంలో కొట్టుకుంటూ నిలకడ తప్పుతుంది. ఎండాకాలానికి 0, చలికాలానికి మైనస్ 10 అని రెండే పెట్టుకుని, ఆ రెంటికీ డార్క్‌లు (మూత పెట్టి తీసే ఫొటోలు) తీసి దాచుకోండి. కరెంటు లెక్క కూడా చెబుతాను: కూలర్ 3 ఆంపియర్లు, మౌంట్ 2, చిన్న పీసీ 1.5, హీటర్ 1.5. మొత్తం 8. పది గంటలకి 80 ఆంపియర్ అవర్లు. అరకుకి 100 లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకెళ్ళండి.

మృగశిర:

అరకు అంటున్నారు కాబట్టి ఒక మాట. ఈక్యూ6 తల 17 కిలోలు, ట్యూబు 15, కౌంటర్‌వెయిట్లు 20 దాకా, ట్రైపాడ్ 7.5. అప్పటికే 60 కిలోలు. ఈక్యూ8 అయితే ఇంకా పైన. ఒక్కరే ఎక్కించలేరు, ఎక్కించకూడదు కూడా. ట్యూబును డవ్‌టెయిల్‌లోకి దించేటప్పుడు ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు బిగించాలి. కౌంటర్‌వెయిట్లు ముందు, ట్యూబు తర్వాత. దింపేటప్పుడు తిరగేసి. నా ఓటు: 150 డాబా మీద స్థిరంగా ఉండనివ్వండి, అరకుకి 80 తీసుకెళ్ళండి. అక్కడి చీకటి ఆకాశంలో 80తో తీసిన నెబ్యులా, ఊళ్ళో 150తో తీసినదాని కన్నా బాగుంటుంది.

అరుంధతి:

నెబ్యులాలకి అది సరే. ఒమెగా సెంటారీ గ్లోబ్యులర్ క్లస్టర్‌కి మాత్రం కాదు. అది విశాఖలో 25 డిగ్రీల ఎత్తు దాకానే వస్తుంది, దక్షిణం వైపు ఊరి వెలుతురు ఉంటే డాబా మీద నుంచి 150 కూడా తడబడుతుంది. సైజు 36 ఆర్క్ నిమిషాలు కాబట్టి మీ ఫ్రేములో చక్కగా ఇముడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇద్దరు మనుషులు దొరికితే దానికోసం 150ని ఒక్కసారైనా కొండ ఎక్కించవచ్చు. క్లస్టర్ నడిబొడ్డు తెల్లగా మాడిపోకుండా 30 సెకన్ల సబ్‌లు (తర్వాత కలిపే విడి ఫొటోలు) తీసి, అంచుల కోసం 120 సెకన్లవి విడిగా తీసి కలపండి. అంత కిందున్న వస్తువు కాబట్టి మెరిడియన్‌కి (నడినెత్తి గుండా పోయే ఉత్తర దక్షిణ గీత) అటూ ఇటూ గంటన్నర మించి తియ్యకండి, ఆ తర్వాత గాలి పొర మందమై చుక్కలకి ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం అంచు వస్తుంది.