మూతపడ్డ క్వీర్ బార్లను ఇంకా ఎందుకు తలుచుకుంటున్నాం?

వెన్నెలదారి:
లండన్‌లో 2006లో 125 ఎల్జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) బార్లు, క్లబ్బులు, అంటే క్వీర్ బార్లు, ఉండేవి, 2017 నాటికి 53 మిగిలాయని యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు లెక్క తేల్చారు. సగానికి పైగా పోయాయి. ఈ మాట ఎత్తగానే "ఇప్పుడు డేటింగ్ యాప్‌లు ఉన్నాయి కదా, మనకంటూ ప్రత్యేకంగా బార్ ఎందుకు" అంటారు. కానీ నేను వెళ్ళే చోటు మూతపడ్డాక దూరమైనవాళ్ళలో ఒక్కరూ నాకు యాప్‌లో దొరకలేదు. వాళ్ళ నంబర్లు కూడా తీసుకోలేదు, శనివారం వెళ్తే కనబడతారులే అన్న ధీమా. మీకూ అలాంటి చోటు ఉండేదా? దాంతోపాటు ఏమేం పోయాయి?

పాతక్యాసెట్:
యాప్‌లో మనకు నచ్చినవాళ్ళనే వెతుక్కుంటాం అండి. బార్‌లో అలా కుదరదు, అరవై దాటినాయన పక్కన నిన్నగాక మొన్న ఇల్లు వదిలి వచ్చిన కుర్రాడు కూర్చుంటాడు, ఏ డాక్టర్ మొహం చిట్లించకుండా మాట్లాడతారో, ఎవరు గది అద్దెకు ఇస్తారో ఆయనే చెప్తాడు. నాకు అన్నీ అలాగే తెలిశాయి.

న్యూయార్క్‌లో ప్యారడైజ్ గరాజ్ అనే డాన్స్ క్లబ్ సంగతే చూడండి. 1977 నుంచి 1987 దాకా నడిచింది, వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గేలు. అక్కడ మద్యం అమ్మేవారే కాదు, లారీ లెవాన్ పాటలు వేస్తుంటే తెల్లారేదాకా డాన్స్. ఎయిడ్స్‌కి ఇంకా ఆ పేరు కూడా పెట్టని 1982 ఏప్రిల్‌లో, ఆ జబ్బు వచ్చినవాళ్ళకు సాయం చేసే గే మెన్స్ హెల్త్ క్రైసిస్ అనే సంస్థ కోసం అక్కడే పార్టీ పెట్టి డబ్బులు పోగుచేశారు. అలాంటి చోట్లను "తాగుడు అడ్డాలు" అని కొట్టిపారేస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

నీలికిటికీ:
మా లెస్బియన్ ఆడవాళ్ళకు మొదటినుంచీ ఉన్న బార్లే తక్కువ. లండన్ సోహోలో క్యాండీ బార్ 2014లో పోయింది, శాన్ ఫ్రాన్సిస్కోలో లెక్సింగ్టన్ క్లబ్ 2015లో. లెక్సింగ్టన్ ఉన్న పేటలో అద్దెలు ఎంత పెరిగాయంటే, అక్కడికి వచ్చే ఆడవాళ్ళే ఆ చుట్టుపక్కల ఉండలేక వెళ్ళిపోయారు. మనవాళ్ళకి ఆసక్తి పోయిందని తేలిగ్గా అనేస్తారు, అది అన్యాయం.

ఒకటి మాత్రం దాచొద్దు. అన్ని బార్లూ అందరినీ రానివ్వలేదు. ట్రాన్స్ స్త్రీలను గుమ్మంలోంచే తిప్పి పంపిన చోట్లూ ఉన్నాయి. నాకు ప్రాణమైన చోటు గురించి చెప్పేటప్పుడు కూడా నేను ఆ మాట చెప్తాను, ఎందుకంటే బయటే నిలబడిపోయినవాళ్ళవీ ఆ చోటు జ్ఞాపకాలే.

రాత్రిబస్సు:
అన్నీ ఊరికే పోలేదు అక్కా. లండన్‌లో రాయల్ వాక్స్‌హాల్ టావెర్న్ అనే బార్ అమ్ముడుపోయాక అక్కడికి వచ్చేవాళ్ళే కాగితాలు, పాత ఆధారాలు సేకరించి పోరాడితే 2015లో దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించారు. అదే ఏడాది లండన్‌లోనే మూతపడ్డ జాయినర్స్ ఆర్మ్స్ అనే బార్ విషయంలోనైతే, అక్కడ కట్టే కొత్త భవనంలో ఎల్జీబీటీ బార్‌కు చోటు ఉండాలని స్థానిక కౌన్సిల్ 2017లో షరతు పెట్టింది. జ్ఞాపకాలు రాసిపెట్టుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టే అడగగలిగారు.

వెన్నెలదారి గారూ, మీ దగ్గర పాత ఫ్లైయర్లు, ఫొటోలు ఉంటే స్కాన్ చేసి ఉంచండి, వెనక ఏడాది రాయండి. డాన్సర్ల పేర్లే కాదు, గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు, గ్లాసులు కడిగినవాళ్ళు ఎవరో గుర్తుంటే అదీ రాయండి. ఫొటోలు మాత్రం అందులో ఉన్నవాళ్ళని అడక్కుండా ఎక్కడా పెట్టకండి, ఇంట్లో ఇప్పటికీ చెప్పనివాళ్ళు ఉంటారు.