సమస్య: చెవిటివాడె ముందు చెవినిఁ బెట్టె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. నమ్మినదానికి బతుకంతా ధారపోసిన మీ మనసుకు నచ్చిన మనిషిని తలుచుకుని పూరించండి. చెవుడొచ్చినా సంగీతం రాసిన బీథోవెన్‌తో మొదలుపెట్టకండి, ఆయన అందరికీ తడతాడు.

కొండగాలి:
సవర పలుకు నేర్వ సాగె నడవులకు
మందు మింగి మింగి మందగించె
వినికి, తల్లిబాస విలువ మాత్రము తానె
చెవిటివాడె ముందు చెవినిఁ బెట్టె

గిడుగు రామమూర్తి గారండీ. సవర గిరిజనుల మధ్య తిరుగుతూ మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1940లో కన్నుమూశారు.

నిర్వాహకుడు: ‘వినికి’ని మూడో పాదంలోకి జార్చడం బాగుంది. ‘మాత్రము తానె’ అన్నది మాత్రం గణాల కోసం పెట్టిన ఊతకర్ర. ‘తానె’, ‘చెవిటివాడె’ అని రెండుసార్లు నొక్కాల్సిన పని లేదు. ‘విలువ నందరికన్న’ అనండి. అప్పుడు అది సమస్యలోని ‘ముందు’తో కలిసి ‘అందరికన్నా ముందు’ అవుతుంది.

కొండగాలి: సవరించాను. సవర పద్యానికి సవరణ!

తాటాకు: వాడుకభాష కోసం జీవితమంతా పోట్లాడినాయన్ని ‘నేర్వ సాగె నడవులకు’ అని గ్రాంథికంలో బిగించారు. పైనుంచి చూసి నవ్వుకుంటారో, తిట్టుకుంటారో!

నీలిసిరా:
చేయి కడుగు డనిన చీదరించిరి గొప్ప
వారు, నవ్వుకొనిరి వైద్యులెల్ల
తల్లి గోడు తప్ప తక్కిన వన్నింట
చెవిటివాడె ముందు చెవినిఁ బెట్టె

సెమ్మెల్‌వైస్. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసేవాడు. శవపరీక్ష చేసిన చేతులతోనే డాక్టర్లు వచ్చి కాన్పులు చేసేవాళ్ళు. ఆ ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది బాలింతలు పోయారు. క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాక కొద్ది నెలల్లోనే ఆ లెక్క రెండుకు దగ్గరపడింది.

తాటాకు: మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. పుట్టుచెవుడు కాదు, కావాలని తెచ్చుకున్న చెవుడు. రెండో పాదమే తేలిపోయింది. గొప్పవారన్నా వైద్యులన్నా ఇక్కడ ఒకళ్ళే కదా, పునరుక్తి. ‘ఎల్ల’ అబద్ధం కూడా. హెబ్రా, స్కోడా లాంటి పెద్ద డాక్టర్లు ఆయన పక్షానే ఉన్నారు. ఇంకో మాట. ఆయన పుస్తకం 1861 దాకా రాలేదు. ఆ తర్వాత తనను కాదన్నవాళ్ళను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. చివరికి 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు. చెప్పింది నిజమే, కానీ ఎదుటివాళ్ళకు ఎలా చెప్తే ఎక్కుతుందో ఆ చెవికి పట్టలేదు. మీ ‘తక్కిన వన్నింట చెవిటివాడు’లో ఆ నష్టం కూడా ఉంది. మీరు అనుకుని రాశారో లేదో!

నీలిసిరా: అనుకోలేదు. ఇప్పుడు అనుకున్నట్టు నటిస్తాను.

తాటాకు: అయితే నా వంతు. సమస్యను ప్రశ్న చేసేశాను, పాత కిటుకే.

తనదె నిజమటంచు తలుపు మూసిన వార
లెదుటివాని యేడ్పు నెపుడు వినిరి?
దూదివోలె చెవుల దూర నమ్మకమింక
చెవిటివాడె ముందు చెవినిఁ బెట్టె?

నిర్వాహకుడు: యతులు, గణాలు సరిపోయాయి. కానీ నేనడిగింది మనిషిని, మీరిచ్చింది వాదన. పద్యానికి మార్కులు, అంశానికి సున్నా.

కొత్తకలం: ఇదే నా మొదటి పద్యం, టెన్షన్‌గా ఉంది. పేరున్న మనిషి కాదు, మాకు లెక్కలు చెప్పిన సారు.

వెనుక బల్లమీద వెక్కు పిల్లను జూచి
ఏమి జరిగెనమ్మ అడిగె నాడు
పెదవి జూచి మాట పిండుకొనెడు సారు
చెవిటివాడె, ముందు చెవినిఁ బెట్టె

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది, ‘ఏ’కీ ‘అ’కీ చెల్లదు. ‘నమ్మ అడిగె’ దగ్గర విసంధి కూడా, అంటే సంధి చేయాల్సిన చోట చేయకుండా వదిలేశారు. ‘యేమి కష్టమమ్మ యింత యనుచు’ అంటే రెండూ తీరతాయి. కానీ నాలుగో పాదంలో ఆ విరుపు చూశారా? ‘సారు చెవిటివాడే’ అని అక్కడ ఆపేసి, ‘ముందు చెవినిఁ బెట్టె’ను విడిగా నిలబెట్టారు. ముప్పై ఏళ్ళుగా సమస్యలిస్తున్నాను, నా పాదం నాకే కొత్తగా కనబడింది.

నీలిసిరా: ‘పిండుకొనెడు’ మాట కొంచెం మోటుగా లేదూ?

కొత్తకలం: ఉంచేస్తానండీ. ఆయన ముందుకు వంగి, కళ్ళు చికిలించి మా పెదాలకేసి చూస్తుంటే నిజంగా పిండుతున్నట్టే ఉండేది. లెక్కలు రాని పిల్లంటూ ఎవరూ ఉండరని ఆయన నమ్మకం. హెడ్మాస్టర్ అయితే క్లాసులు తగ్గిపోతాయని ప్రమోషన్ వద్దన్నారు.

తాటాకు: చెవి మిషన్ లేదా ఆయనకు?

కొత్తకలం: ఉండేది. వెనకబడ్డ పిల్లలమీద టైము దండగ చేస్తున్నారని పైవాళ్ళు వచ్చి అరిచినప్పుడు మిషన్ తీసి డస్టర్ పక్కన పెట్టేసేవారు. వాళ్ళు గుమ్మం దాటగానే మళ్ళీ తగిలించుకుని, వెనక బల్ల వైపు తిరిగి “ఊఁ, ఇప్పుడు చెప్పమ్మా” అనేవారు.