పెద్ద యూనివర్సిటీలో లోగోలు, ప్రెస్‌నోట్లు, పేజీలు ఒక దారికి తేవడం ఎలా?

గుంటూరు_పీఆర్: మాది గుంటూరు దగ్గర యూనివర్సిటీ. నలభైకి పైగా డిపార్ట్‌మెంట్లు. బ్యానర్ బ్యానర్‌కీ లోగో రంగు మారుతోంది, తెలుగు పేరు మూడు రకాలుగా రాస్తున్నారు, ఫేస్‌బుక్ పేజీలు ఎన్నో లెక్కే లేదు. ఆఫీసులో ఇద్దరమే. బ్రాండ్ బుక్ (లోగో, రంగులు, ఫాంట్లు ఎలా వాడాలో చెప్పే పుస్తకం) చేయించమంటున్నారు. అక్కడే మొదలుపెట్టాలా?

బెజవాడ_డిజైనర్: బుక్ తర్వాత చూద్దురు గానీ అండీ. అరవై పేజీల బుక్కు ఏ డిపార్ట్‌మెంట్ హెడ్డూ చదవరు, ఫ్లెక్సీ షాపు దాకా అసలే రాదు. షాపువాళ్లు వాట్సాప్‌లో వచ్చిన జేపీజీనే లాగి పెడతారు, అందుకే లోగో చుట్టూ తెల్ల డబ్బా. ముందు లింకు ఉన్న ఎవరికైనా తెరుచుకునే డ్రైవ్ ఫోల్డర్ పెట్టండి. రంగు లోగో, ఒకే రంగుది, ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీదికి తెల్లది. ఒక్కోటీ సీడీఆర్ (షాపులు వాడే కోరల్‌డ్రా డిజైన్ ఫైలు), పీడీఎఫ్, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ. సీడీఆర్‌ని పాత వెర్షన్‌లో సేవ్ చేయాలి, లేకపోతే పాత కోరల్‌డ్రాలో తెరుచుకోదు.

తెలుగు పేరు కర్వ్స్‌గా, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మగా మార్చి ఇవ్వండి. పాత సాఫ్ట్‌వేర్లలో యూనికోడ్ ఒత్తులు విడిపోతాయి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) కొట్టిన మేటరేమో వెబ్‌సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులే. వెబ్‌కి మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు చాలు. లోగోలో నీలం ఉంటే ప్రింటు ఇంకుల్లో సయాన్ (నీలం) 100 శాతానికి మెజెంటా (గులాబీ) 70 దాటనివ్వకండి, ప్రింటులో ఊదాకి తిరుగుతుంది.

ప్రెస్‌నోట్_గారు: ఫోల్డర్ పెట్టినంత మాత్రాన వాడరు సార్. బిల్లుకి ముడిపెట్టండి: పీఆర్వో ఆఫీసు (అంటే మీ ఆఫీసు) ఓకే మెయిల్ ప్రింటు జతచేయకపోతే బ్యానర్ బిల్లు పాస్ కాదని రిజిస్ట్రార్ గారితో ఒక్క పేజీ సర్క్యులర్ ఇప్పించండి. నెలలో దారికొస్తారు. అయితే ఓకే 24 గంటల్లో ఇవ్వాలి, లేదంటే మీ మీదే ఫిర్యాదు వెళ్తుంది!

డిపార్ట్‌మెంటుకి ఒక లెక్చరర్‌ని కోఆర్డినేటర్‌గా వేయించండి. వార్త సాయంత్రం నాలుగులోపు రావాలి. పేజీలు కట్టే వేళకి పంపితే జిల్లా ఎడిషన్‌లో చోటుండదు. 150 మాటలు, యూనికోడ్ వర్డ్ ఫైలు. ఫొటో వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే కుదించేస్తుంది. క్యాప్షన్‌లో పేర్లు ఎడమ నుంచి వరుసగా, హోదాలతో.

అడ్మిన్_గుంటూరు: పేజీల సంగతి. లాగిన్ ఎవరి సొంత నంబరుతోనూ ఉండకూడదు. ఆయన రిటైరైతే ఓటీపీ ఆయన ఫోన్‌కే పోతుంది. ఆఫీసు పేరుతో మెయిల్, ఆఫీసు సిమ్, పేజీకి కనీసం ఇద్దరు అడ్మిన్లు. నిద్రపోతున్న పేజీలు మూసేయడమే మేలు.

న్యాక్ (కాలేజీలు, యూనివర్సిటీల నాణ్యత చూసే సంస్థ) ఇచ్చిన గ్రేడును లోగోలో కలపకండి, గడువు తీరాక బ్యానర్లన్నీ తప్పవుతాయి. కింద విడి పట్టీగా ఉంచండి. మీది డీమ్డ్ (యూనివర్సిటీతో సమానంగా కేంద్రం గుర్తించిన సంస్థ) అయితే 2017 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత యూజీసీ ఇచ్చిన ఆదేశం చూడండి: పేరులో ‘యూనివర్సిటీ’ అని నేరుగా రాయకూడదు, పేరు తర్వాత బ్రాకెట్లలో ‘డీమ్డ్ టు బీ యూనివర్సిటీ’ అని పెట్టుకోవచ్చు. ఇంకోటి, పేరు ఎక్కడెక్కడ ఉందో జాబితా రాసిపెట్టుకోండి: బోర్డులు, లెటర్‌హెడ్లు, సర్టిఫికెట్లు, సీళ్లు, బస్సులు. విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి 2022లో ఒకసారి, 2024లో మళ్లీ పేరు మారింది కదా!

గుంటూరు_పీఆర్: బిల్లు కిటుకు బాగుంది సార్. సర్క్యులర్ డ్రాఫ్టు రేపే పెడతాను.