హాల్లోనే రికార్డింగ్ ఎలా?

మాది తిరుపతి, కొర్లగుంట. ఉన్నది ఒకే హాలు. టీవీ, పిల్లల చదువు, అమ్మ మంచం అన్నీ అందులోనే. కీర్తనలు పాడి రికార్డ్ చేయాలని నాకు చాలా ఆశ. కండెన్సర్ మైక్ (చిన్న శబ్దాన్నీ పట్టేసే రకం) కొంటే ఫ్యాన్, పక్కింటి మిక్సీ కూడా పడతాయేమోనని టెన్షన్.

జవాబు: డైనమిక్ (చిన్న శబ్దాలను అంతగా పట్టని రకం) కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువ పట్టే) మైక్ తీసుకోండక్కా. వెనకవైపు శబ్దాన్ని తక్కువ పట్టుకుంటుంది. దాని వెనక భాగం ఫ్యాన్ వైపు ఉంచి, 10 సెంటీమీటర్ల దూరం నుంచి పాడండి. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) గెయిన్, అంటే మైక్ సిగ్నల్‌ని పెంచే స్థాయి, కాస్త ఎక్కువ పెట్టాలి.

జవాబు: గోడలకు గుడ్ల ట్రేలు మాత్రం అతికించొద్దు, దండగ. మీ వీపు వెనక మందపాటి బొంత వేలాడదీయండి, మైక్ చూసేది ఆ గోడనే. గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది. మిక్సీని మాత్రం బొంత ఆపదు.

అడిగినవారు: బొంత అయితే పొద్దున్నే మడిచేయొచ్చు. అమ్మకూ అడ్డం కాదు. చాలా థాంక్సండీ!